ఫ్యాక్స్ గడి

తెర మీద ఆ చిన్న పలక మళ్ళీ లేచింది. బయటి టేబుల్ నిర్వచనం మారింది, ఇప్పుడు సరిచేసుకోమంటారా అని ఇంగ్లీషులో అడుగుతోంది. కింద రెండు మీటలు, ఎస్ ఒకటి, లేటర్ ఒకటి. తహసీన్ లేటర్ నొక్కింది. ఇది మూడోసారి. నొక్కితే పది నిమిషాలు నోరు మూసుకుంటుంది, పదకొండో నిమిషంలో మళ్ళీ లేస్తుంది, జోకొట్టి పక్కలో వేసిన పిల్ల లేచినట్టే, వేసినవాళ్ళు అటు తిరగడానికి లేదు. గోడ గడియారంలో ఒంటి గంటా పది. రెండయ్యేలోగా ఎస్ నొక్కాలని బాపట్ల నుంచి మాట. నొక్కితే ఈ తెర మీంచి ఒక గడి పోతుంది. ఆ గడిలో రెండు వందల పద్నాలుగు మంది పిల్లలున్నారు. ఈ వేళ ఆసుపత్రిలో ఉన్నవాళ్ళలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఇక్కడ కూచుని లేటర్ నొక్కుతున్నారు, రెండోవారు ఇంజెక్షన్ గదిలో బల్ల మీద కొంగు మొహాన కప్పుకుని నిద్రపోతున్నారు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఈ పిల్లల ఆసుపత్రి తలుపులు దగ్గరగా వేసి ఉంటాయి. డాక్టరు గారు భోజనానికి వెళ్ళిపోతారు, వాచ్‌మన్ రంగనాయకులు బయట స్టూలు మీద తల వాల్చేస్తాడు, పొద్దుటి ఏడుపులన్నీ గోడల్లోకి ఇంకిపోయి డెట్టాలు వాసన ఒక్కటీ మిగులుతుంది. రోజూ ఈ వేళ తహసీన్‌కి ఇష్టం. టిఫిన్ డబ్బా విప్పుకుని, నిమ్మకాయ పచ్చడి మూత తీసుకుని, ఎవరూ ఏమీ అడగని ఆ ముప్పావుగంటని మెల్లగా నములుకుంటూ తింటుంది. ఇవాళ డబ్బా మూత తియ్యలేదు. కడుపులో ఆకలి లేదు, రొమ్ములు మాత్రం బరువెక్కి సలుపుతున్నాయి, ఒంటిగంట అయితే చాలు, వాటికి ఏ గడియారమూ అక్కర్లేదు. పదకొండు నెలల సిమ్రాన్ రేపల్లెలో అత్త ఒళ్ళో ఉంది, ఇక్కడ తెనాలిలో కమీజు తడుస్తోంది. చున్నీ రెండు మడతలు వేసి అదుముకుంది. పొద్దున పిల్ల ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందా, లేక తన చెయ్యే చల్లగా ఉందా? రైలెక్కేదాకా అదే ప్రశ్న. భట్టిప్రోలు దాటేదాకా అదే. వేమూరు దగ్గర పొలాల మీద కొంగలు లేస్తుంటే చూసి ఒక్క నిమిషం మర్చిపోయింది, మర్చిపోయినందుకు మళ్ళీ తనని తనే తిట్టుకుంది.

పొద్దున ఫోనులో రమేష్ బాబు ఎంత ఓపిగ్గా చెప్పాడు. ఆయన బాపట్ల మెయిన్ బ్రాంచిలో సిస్టమ్స్ చూస్తాడు, మొహం ఎప్పుడూ చూసింది లేదు, గొంతే. "చూడమ్మా, పిల్లల వివరాలేవీ నీ కంప్యూటర్లో లేవు. అన్నీ ఇక్కడ మా డేటాబేస్‌లో ఉన్నాయి. నీ దగ్గరున్న ప్రోగ్రాము దానికి లింకు, అంతే. ఇక్కడి టేబుల్లో ఏ గడి తర్వాత ఏ గడి, దేన్లో ఎన్ని అక్షరాలు పడతాయి, ఆ పటం ఒకటి నీ ప్రోగ్రాము తన దగ్గర రాసి పెట్టుకుంది. నేనిక్కడ గడులు మార్చినా దానికి తెలీదు. పాత పటమే పట్టుకుని తిరుగుద్ది. నువ్వు ఎస్ కొడితే ఇక్కడికొచ్చి కొత్త పటం రాసుకుని పోద్ది. అర్థమైందా?" అర్థమైంది. ఆయన చెబుతుంటేనే ఆమెకి మామ గులాం మొహిద్దీన్ కనిపించాడు. నాలుగేళ్ళయింది ఆయనకి చూపు పోయి. ఇల్లంతా తలలో ఉంటుంది, మంచం నుంచి కుళాయికి ఏడడుగులు, గడప దగ్గర కుడిచెయ్యి, అలా ఎవరి సాయమూ లేకుండా తిరుగుతాడు. సిమ్రాన్ పుట్టినప్పుడు నడింట్లో ఊయల కట్టారు, ఆయనకి చెప్పడం మర్చిపోయారు. ఊయల చెక్క నుదుటికి కొట్టుకుని రక్తం వచ్చింది. అత్త ఇమాం బీ చెయ్యి పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిప్పింది, ఇదిగో ఊయల, ఇదిగో తాడు, ఇదిగో ఇక్కడిదాకా ఊగుద్ది అని. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. "నాకు చెప్పాల కదే" అన్నాడంతే. తర్వాత మళ్ళీ తగల్లేదు. ఎస్ నొక్కడమంటే అదే, చెయ్యి పట్టుకుని ఒకసారి తిప్పి చూపించడం. అంతవరకు బాగానే ఉంది. "రెండు గడులు కొత్తగా పెట్టానమ్మా, ముఖ్య గమనిక అని ఒకటి, రెండో ఫోను నంబరు ఒకటి. ఆ ఫ్యాక్స్ గడి తీసేస్తన్నా. మూడు బ్రాంచీలూ ఎస్ కొట్టగానే దాన్ని మూలం నుంచే లేపేస్తా. ఎవరికుంది తల్లీ ఈ రోజుల్లో ఫ్యాక్సు" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఫోను పెట్టేశాక ఆ గడిలో ఎంతమంది ఉన్నారో లెక్క చూసుకుంది.

ఎవరికీ లేదు ఫ్యాక్సు. అందుకే అది ఖాళీగా ఉండేది. రెండున్నరేళ్ళ కిందట ఈ కుర్చీలో కూచున్న మొదటి నెలలో, పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను కొట్టుకుంటూ పోతుంటే ప్రతి పిల్లకీ ఆ గడి దగ్గర కర్సర్ ఒకసారి ఆగేది, దాటించి ముందుకు పోవలసి వచ్చేది. ఎవరూ ఎక్కని బస్సు ప్రతి స్టాపులోనూ ఆగినట్టు. అప్పుడే నందివెలుగు నుంచి ఒక తల్లి వచ్చింది, చంకలో రెండేళ్ళ పిల్ల. ఇంజెక్షన్ వేసిన పావుగంటకి పిల్ల పెదాలు బుంగలయ్యాయి, ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఈల వేసింది. డాక్టరు గారు పరుగెత్తుకొచ్చి ఏదో ఎక్కించి గంటసేపట్లో పిల్లని ఒడ్డున వేశారు గానీ, ఆ గంటా తల్లి గోడకి తల కొట్టుకుంటూ ఒకటే మాట, "పోయినసారే చెప్పాను గదండీ, ఈ మందు పడదని చెప్పాను గదండీ." చెప్పింది. నర్సు సుందరమ్మ విన్నది కూడా. పూర్వం అయితే సుందరమ్మ ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో పెద్దక్షరాలతో రాసేది, అట్ట చూడగానే తెలిసేది. కంప్యూటర్ వచ్చాక అట్టలు అటకెక్కాయి. ఎక్కడ రాయను అని ఆ సాయంత్రం సుందరమ్మ నుదురు రుద్దుకుంటూ కౌంటరు దగ్గర నిలబడింది. అప్పటికి తహసీన్‌కి పెళ్ళయి ఏడాదిన్నర, నెల తప్పిందని ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఆ పిల్ల ఈల లాంటి ఊపిరి ఆమె కడుపులోకి దిగి కూచుంది. ఆ పిల్ల పేరు తెర మీదకి తెచ్చి, ఫ్యాక్స్ గడిలో కొట్టింది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు, పెన్సిలిన్ పడదు. సుందరమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివి, ఆమె తల మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం ఉంచింది. ఆ కడుపు నిలవలేదు. అది వేరే సంగతి. గడి మాత్రం నిలిచింది.

అప్పట్నుంచీ అదే వాడుక. ఇంజెక్షన్ గదిలోనూ ఒక తెర ఉంది, సుందరమ్మ సూది చేత పట్టే ముందు "ఫ్యాక్స్ ఏవన్నా వచ్చిందా అమ్మాయ్?" అని కౌంటరు వైపు కేకేస్తుంది, తహసీన్ "రాలేదండి" అనో "వచ్చింది, చూడండి" అనో తిరిగి కేకేస్తుంది. రాత్రి డ్యూటీ నర్సుకి కూడా సుందరమ్మ నేర్పింది, ముందు అక్కడ చూడవే అని. డాక్టరు గారు వీళ్ళిద్దరి పిచ్చి సరదా అనుకుంటారు. ఆ గడిలో ఇరవై అక్షరాలకి మించి పట్టవు, ఫ్యాక్స్ నంబరుకి అంతకన్నా ఎందుకని ఎవరో ఎప్పుడో కట్టారు. ఇరవైలోనే సర్దాలి. సల్ఫా వద్దు. గుడ్డు తింటే వాపు. జ్వరమొస్తే ఫిట్సు. ఒక్కోసారి మందుల సంగతి కాకుండా ఇంకేదో కూడా పడేది, నాన్న ఎదుట అడగొద్దు అని ఒకటి, వినపడదు ముందుకెళ్ళు అని ఒకటి. రాత్రి రైల్లో ఆ ఇరవై అక్షరాలు కుదించుకుంటూ కూచునేది, అక్షరం తగ్గించినా మాట చెడకుండా. ఆమెకి అంత తీరిగ్గా ఆలోచించుకునే పని ఇంకోటి లేదు.

కానీ తెర పక్కన గోడకి కాగితం అంటించి ఉంది. గడికి సంబంధం లేని వివరాలు ఎక్కించిన సిబ్బందిని విధుల నుంచి తొలగిస్తాం, ఇట్లు యాజమాన్యం. బిల్లుల దగ్గర ఏదో గందరగోళం జరిగితే రెండు నెలల కిందట మూడు ఊళ్ళకీ పంపారు. అంటించమని ఇస్తే తహసీనే అంటించింది, నాలుగు మూలలా టేపు వేసి, వంకర లేకుండా. ఇప్పుడు తనే ఫోను చేసి, సార్, నేను ఇలా రాశాను అంటే? ఎవరు, ఎప్పుడు చేరింది, ఫైలు తియ్యండి అంటారు. ఫైలు తీస్తే చేరేటప్పుడు అడిగిన ఇంటర్ సర్టిఫికెట్ ఉండదు. తెస్తానండి, బాపట్లలో అమ్మీ దగ్గర ఉందండి, ఈసారి వెళ్ళినప్పుడు తెస్తానండి, రెండున్నరేళ్ళుగా ఇదే మాట. బాపట్లలో ఉన్నది పదో తరగతి మార్కుల లిస్టు, ఇనప్పెట్టెలో, పెళ్ళి ఫొటోల కింద. ఇంటర్‌లో నాలుగు నెలలు వెళ్ళింది. జువాలజీ పుస్తకంలో కప్ప బొమ్మకి రంగులు వేస్తూ ఉంటే సంబంధం వచ్చింది, బొమ్మ సగం పచ్చగా, సగం తెల్లగా ఉండిపోయింది. అబ్బా మంచివాడే, స్టేషన్ దగ్గర సైకిలు షాపు, "పెళ్ళయ్యాక చదివిస్తారంట బేటీ" అన్నాడు, నమ్మే అన్నాడు. బాపట్లలో పుట్టిల్లు, రేపల్లెలో మెట్టినిల్లు, ఒక రైలు లేదు నేరుగా, తెనాలిలో దిగి మారాలి. ఎటు వెళ్ళినా తెనాలిలో దిగేది, ప్లాట్‌ఫాం మీద బెంచీ మీద కూచుని గంటో గంటన్నరో ఎదురుచూసేది, అప్పుడే ఈ ఊరు తనదనిపించింది, ఇటు కూతురూ కాక అటు కోడలూ కాక ఊరికే కూచునే చోటు. ఉద్యోగం ఈ ఊళ్ళో దొరికిందంటే అందుకే ఎగిరి గంతేసింది. ఈ కుర్చీ పోతే మళ్ళీ దిగి మారడమే మిగులుతుంది, కూచోడం ఉండదు.

పాత లెడ్జరు పుస్తకం ఒకటి లాగి రాయడం మొదలుపెట్టింది. ఫ్యాక్స్ గడి ఖాళీగా లేనివాళ్ళు అని వెతకమంటే వరస పేర్లు వచ్చాయి, వరసన రాసుకుంటూ పోవడం. పేరు, ఊరు, ఏది పడదు. పది మందికి చెయ్యి పీకింది. ఫోను తీసి తెరకి ఫొటోలు కూడా తీసింది, పదహారు తీశాక ఆగింది. ఎందుకు ఇదంతా? పుస్తకం తన సొరుగులో ఉంటుంది, ఫొటోలు తన ఫోనులో ఉంటాయి, తను రేపల్లె రైల్లో ఉన్నప్పుడు ఆయాసంతో వచ్చిన పిల్ల సంగతేంటి? తెర మీద లేకపోతే లేనట్టే. పోనీ కొత్త గడిలోకి ఎక్కించేద్దామా అంటే, కొత్త గడి కనపడాలంటే ఎస్ నొక్కాలి, నొక్కితే పాత గడి కనపడదు. ఒక చేత్తో ఇస్తేనే ఇంకో చేత్తో తీసుకుంటారట, మధ్యలో రెండు చేతులూ ఖాళీ. అయినా రాస్తోంది. ఇరవై ఏడో పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. భట్టిప్రోలు పున్నమ్మ మనవరాలు. తల్లి పురిటిలోనే పోయింది, పొలం పనులు మానుకుని పున్నమ్మే మోసుకొస్తుంది ఆటోలో. మందు పేరు ఆమెకి నోరు తిరగదు. "అదేనమ్మా, నీళ్ళలాగుంటదే, సీసా మీద పచ్చ గీత ఉంటదే, అది మాత్రం వెయ్యనీకు తల్లీ. నీకు తెలుసుగా? నువ్వున్నావులే, నాకేం భయం" అని తమలపాకు నోటితో నవ్వుతుంది. నువ్వున్నావులే. ఎక్కడున్నాను? ఇరవై అక్షరాల్లో ఉన్నాను. ఎస్ కొడితే అక్కడా ఉండను.

ఫోను మోగింది. సిమ్రాన్‌కేమో అని ఉలిక్కిపడి ఎత్తింది, ఆసుపత్రి ఫోనది.

"ఏంటమ్మా, ఇంకా కొట్టలేదా? రేపల్లె పదింటికే కొట్టేశారు, మా కౌంటరు వాళ్ళూ కొట్టేశారు. నీ ఒక్కదాని కోసం కూచున్నా."

"కరెంటు పోయిందండి" అంది. తల మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"ఈ తెనాలి కరెంటొకటి. రాగానే కొట్టెయ్. రెండు దాటితే నాకు చాలా పనుంది, సాయంత్రం ఓపీ లోపల టెస్ట్ చేసుకోవాలి."

"అలాగేనండి."

రిసీవర్ పెట్టేసినా చేతిలో వెచ్చదనం పోలేదు. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందా? మొగుడు ఫిరోజ్‌తో కూడా ఇంతే. రొయ్యల లారీ మీద నిజాంపట్నం నుంచి చెన్నైకి, అక్కడ్నుంచి ఇంకెక్కడికో, పదిహేను రోజులకి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు, ఆ రెండు రోజులూ నిద్రపోతాడు. దారిలో ఏ దాబా దగ్గరో ఆగినప్పుడు ఫోను. తిన్నావా? తిన్నా. పాప పడుకుందా? పడుకుంది. ఇంకేంటి? ఏముంది. ఆ "ఏముంది" అన్నప్పుడు లోపల ఎన్ని ఉంటాయో. ఇవాళ ఒక పిల్ల మొదటిసారి నవ్విందండీ ఆసుపత్రిలో, కడుపులోనే పోయిన ఆ బిడ్డకి ఇవాళ పుట్టినరోజేమో అనిపించిందండీ, లెక్క వేస్తే ఈ నెలే అయి ఉండేది, ఇలాంటివి. ఆయన చెడ్డవాడు కాదు, వినడానికి చోటు లేనివాడు, వెనక లారీలు హారన్లు కొడుతుంటాయి. అత్తతో చెప్పుకుందామంటే, ఇమాం బీ ప్రతిదానికీ దువా చదివి ఊదేస్తుంది, ఊదాక ఇక మాట ఉండదు. అమ్మీతో చెబితే ఏడుస్తుంది. మిగిలింది ఒక్క సుందరమ్మ. వయసుకి అమ్మ, మాటకి నేస్తం. ఆదివారం చర్చిలో పంచిన కేకు ముక్క కాగితంలో చుట్టి సోమవారం తెచ్చి పెడుతుంది, ఈద్ పండక్కి తను సేమ్యా తెస్తే గిన్నె కడిగి ఊరికే తిరిగివ్వకుండా నాలుగు జామకాయలు వేసి ఇస్తుంది.

లేపుదామని లేచే లోపలే సుందరమ్మ తలుపు దగ్గర ఉంది, నిద్ర మొహం, తెల్ల కోటు భుజాన. "ఏంటే, అన్నం తినలేదా? మొహం అలా పెట్టావేంటి? ఢిల్లీ నుంచి ఫ్యాక్సేమైనా వచ్చిందా?"

"ఫ్యాక్స్ గడి తీసేస్తున్నారండి సుందరమ్మ గారూ. రెండింటికి."

సుందరమ్మ మొహంలో నవ్వు అక్కడే ఉంది, దాని వెనకున్నది పోయింది. "తీసేస్తే?"

"అందులో ఉన్నవన్నీ పోతాయండి. బాపట్ల సార్‌తో చెబుదామనుకుంటున్నా."

"ఏమని చెబుతావ్? గోడ మీద కాయితం చూడలేదూ?"

"మనిద్దరం..."

"మనిద్దరం అనకే" అంది సుందరమ్మ, గొంతు తగ్గించి. బయట రంగనాయకులు స్టూలు వైపు చూసింది. "నాకింకో పద్దెనిమిది నెలలుంది అమ్మాయ్. అంతే. ముప్పై ఏళ్ళు చేసి చివర్లో మెమో తీసుకుని పొమ్మంటావా? నీ ఇష్టం, చెప్పుకుంటే చెప్పుకో. నన్ను మాత్రం అందులోకి లాగకు తల్లీ, నీకు దణ్ణం పెడతా." నిజంగానే చేతులు జోడించింది. ఆ చేతులు చూడలేక తహసీన్ కీబోర్డు వైపు తల దించుకుంది. మొహం కడుక్కొస్తానని సుందరమ్మ వెనక్కి వెళ్ళింది, కుళాయి నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది, మొహం కడుక్కోవడానికి అన్ని నీళ్ళు పట్టవు.

కోపం వస్తుందేమో అని చూసుకుంది. రాలేదు. ఒక్కసారిగా గదంతా పెద్దదైపోయినట్టు ఉంది, కుర్చీ గోడకి చాలా దూరంగా. చిన్నప్పుడు బాపట్ల స్టేషన్లో అబ్బా నీళ్ళు తెస్తానని దిగితే రైలు కదిలింది, ఆయన వెనక పెట్టె ఎక్కాడని తెలిసేదాకా నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో పెట్టె నిండా జనం ఉన్నారు, ఎవరెవరో బుగ్గ పట్టుకుని అడుగుతున్నారు, అయినా ఎవరూ లేరు. ఇప్పుడు అలాగే ఉంది. పలక లేచింది. లేటర్. ఒంటిగంటా యాభై ఒకటి. ఎస్ కొట్టేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. అదే భయం. వెంటనే ఏమీ కాదు. సాయంత్రం పిల్లలొస్తారు, వెళతారు. రేపూ అంతే. ఎప్పుడో ఒక రోజు, ఆ రోజు తను రాకపోవచ్చు కూడా, సిమ్రాన్‌కి ఒళ్ళు వెచ్చబడి సెలవు పెట్టి ఉండవచ్చు, ఒక పిల్ల ఊపిరి ఈల వేస్తుంది, ఒక తల్లి గోడకి తల కొట్టుకుంటుంది, చెప్పాను గదండీ అంటుంది, అప్పుడు కూడా ఎవరూ తహసీన్ పేరు ఎత్తరు. ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఇంత భద్రంగా ఎవరూ తప్పు చేసి ఉండరు.

తను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో తర్వాత ఎవరైనా అడిగినా చెప్పగలిగేది కాదు. చెయ్యి మౌస్ మీంచి లేచి ఫోను మీద పడింది, అంతే. బాపట్ల నంబరు నొక్కింది.

"కొట్టావా?" అన్నాడు రమేష్ బాబు ఎత్తగానే.

"లేదండి. కరెంటు పోలేదండి సార్. అబద్ధం చెప్పాను."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఆ ఫ్యాక్స్ గడి తియ్యొద్దండి. అందులో ఉన్నాయి."

"ఏమున్నాయి? ఫ్యాక్సులా?"

"పిల్లలకి పడని మందులండి. ఏ బిడ్డకి ఏది పడదో నేను అందులో రాశాను. రెండు వందల పద్నాలుగు మందివి. వేరే గడి లేదండి అప్పుడు."

 దూరంగా బాపట్లలో ఎవరో టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు.

"ఎవరు రాయమన్నారు నిన్ను?"

"ఎవరూ చెప్పలేదండి. నేనే రాశాను."

"సర్క్యులర్ చదవలా?"

"నా ఎదురుగానే ఉందండి. నేనే అంటించాను."

"ఇంటర్ చదివినదానివి, ఆమాత్రం తెలీదేంటమ్మా..."

"ఇంటర్ కాదండి. పదో తరగతి వరకే. అది కూడా చెప్పేస్తున్నాను." ఎందుకు చెప్పిందో తెలియదు. ఒకటి బయటికి వచ్చాక దాని కొంగు పట్టుకుని రెండోదీ వచ్చేసింది. ఒళ్ళంతా తేలికయింది, అన్నం తినక కళ్ళు తిరుగుతున్నాయేమో కూడా.

అవతల కీబోర్డు మీద టకటకమని చప్పుడు, ఆగింది, మళ్ళీ టకటక. "నీవెన్నన్నావు?"

"రెండు వందల పద్నాలుగండి."

"ఇక్కడ పద్దెనిమిది వందల అరవై మూడు చూపిస్తోంది."

 ఏం చేసింది తను? ఏది పాడు చేసింది? "నాకు తెలీదండి, నేను అన్నే..."

"ఉండమ్మా, ఉండు." టకటక. "తెనాలి రెండొందల పద్నాలుగు. సరిపోయింది." టకటక ఆగింది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆయన గొంతులో పొద్దుటి నవ్వు లేదు. "మిగతావి రేపల్లెవి ఏడొందలు. మా బాపట్ల కౌంటరువి తొమ్మిదొందలు దాటి ఉన్నాయి. నేనేదో నాలుగు నంబర్లుంటాయనుకున్నా. తెరిచే చూడలేదు. తీసేస్తున్నానని పొద్దున చెప్పా గదా ముగ్గురికీ. వాళ్ళిద్దరూ సరేనండి అని కొట్టేశారు. ఒక్కరూ నోరు విప్పలేదేంటమ్మా?"

 రేపల్లె కౌంటరులో జెన్నిఫర్ అని ఒకమ్మాయి ఉందని తహసీన్‌కి తెలుసు, టోకెన్ల విషయంలో రెండుసార్లు ఫోనులో మాట్లాడింది, నమస్తే అండి, సరే అండి. బాపట్ల కౌంటరులో ఎవరున్నారో పేరు కూడా తెలియదు. వాళ్ళ గోడకీ ఇదే కాగితం ఉంటుంది. వాళ్ళ ముందూ ఆ గడి దగ్గర కర్సర్ ఆగి ఉంటుంది. ఏదో ఒక సాయంత్రం ఏ తల్లి ఏడుపో విని, ఎవరూ చూడకుండా, ఒక్కతే. పొద్దున పదింటికి ఎస్ మీద వేలు పెట్టి ఎంతసేపు కూచున్నారో.

"ఇదేం పెద్ద పని కాదు" అన్నాడు రమేష్ బాబు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "ఒక్క కమాండు. అన్నిటినీ ముఖ్య గమనికలోకి తోసేస్తా, ఆ తర్వాతే పాతది లేపుతా. చెబితే అప్పుడే అయిపోయేది." టకటక. "ఆఁ. వెళ్ళాయి. ఇప్పుడు కొట్టు."

పలక లేచే ఉంది. ఎస్ కొట్టింది. తెర ఒక్క క్షణం తెల్లబోయి తిరిగొచ్చింది. ఫ్యాక్స్ లేదు. దాని చోట ఏమీ లేదు, కింద కొత్త గడి, పొడవుగా, అందులో భట్టిప్రోలు పున్నమ్మ మనవరాలి పేరు ఎదురుగా ఇరవై అక్షరాలూ చెక్కు చెదరకుండా ఉన్నాయి, పక్కన ఇంకా బోలెడు చోటు.

"వచ్చాయా?"

"వచ్చాయండి."

"పెద్ద సార్‌కి నేను చెప్పక తప్పదమ్మా. రికార్డులో ఉంటుంది ఇది. నీ సర్టిఫికెట్ సంగతి కూడా... అడిగితే అబద్ధం ఆడలేను."

"చెప్పండి. నా పేరే రాయండి."

ఆయన ఫోను పెట్టలేదు. పెడతాడేమో అని ఆమె చూసింది. అవతల మౌస్ చక్రం తిప్పుతున్న సన్నని గరగర. "ఏంటిది..." అన్నాడు, ఆమెతో కాదు. ఆమె తెర మీద తెనాలి పిల్లలే కనపడతారు, మిగతావి ఆయనకే కనపడతాయి. "రేపల్లెది ఇది. సూది దాచి దగ్గరికెళ్ళు, అట." ఆగాడు. "ఇంకోటి. తల్లి లేదు, నానమ్మనడుగు." ఇంకా కిందికి తిప్పాడు. "బాపట్లది. ఎడమ చేతికి వెయ్యొద్దు. దీని కింద ఇంకొకటి, ఏడవదు, అయినా నొప్పే."

వెనక గదిలో కుళాయి చప్పుడు ఆగింది. సుందరమ్మ తడి మొహంతో తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడింది. తహసీన్ రిసీవర్‌ని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుని, రెండో చేత్తో పక్క కుర్చీ కొంచెం వెనక్కి లాగింది.

"ఇంకోటి చదవండి సార్" అంది.